తొలినీళ్ళు పోసిన చెయ్యి

నాకు ద్రాక్షతీగ అంటే ఒళ్ళు మంట. పండు మీద నాకేం కోపం లేదు, ఎవరైనా పెడితే తింటాను. కోపమంతా తీగ మీద. పచ్చగా నిగనిగలాడుతూ పందిరంతా పాకి, చూసినవాళ్ళందరి చేత ఆహా అనిపించుకుని, చివరికి ఒక్క కాయ కూడా ఇవ్వని తీగ ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. నా ఇరవయ్యో ఏటికి అటూ ఇటూ ఉన్న సంవత్సరాలన్నీ దాని కింద నిలబడి తల పైకెత్తి చూడడంతోనే గడిచిపోయాయి.

మా అత్తవారిది బెజవాడకు దిగువన, కృష్ణ ఒడ్డున, పడవల కాలువ పక్కన ఒక ఊరు. తాతల నాటి నుంచి తమలపాకు తోట వాళ్ళ జీవనాధారం. దానికి తోడు ఇంట్లో ద్రాక్షారిష్టం కాచేవారు. బాలింతలకూ, ఆకలి చచ్చిపోయిన వాళ్ళకూ, దగ్గుతో తీసుకునే వాళ్ళకూ ఇచ్చే మందు అది. ఎండుద్రాక్షను పెద్ద గుండిగలో మరిగించి, ఆ కషాయంలో బెల్లం కలిపి, పులియడానికి ధాతకీ పువ్వులు వేసి, పిప్పళ్ళూ ఏలకులూ దాల్చినచెక్కా దంచి పోసేవారు. నెయ్యి రాసిన జాడీల్లో నింపి, మూతికి గుడ్డ చుట్టి మట్టి మెత్తి, తోట పక్క కొట్టంలో ఊక కుప్పలో పాతిపెట్టేవారు. నెల దాటాక మూత తీస్తే కొట్టం నిండా తియ్యగా పులిసిన వాసన వచ్చేది. గవర్నర్‌పేటలో ఒక మందుల కొట్టువారు అడిగి మరీ తెప్పించుకునేవారు. దగ్గూ రొంపా ఏమీ లేని మగవాళ్ళు కొందరు మా అరుగు మీదకి వచ్చి, ఆ కాసేపూ దగ్గి, ఒక సీసా పట్టుకుపోతూ ఉండేవారు.

మా నాన్నగారు పటమటలో బడిపంతులు. నేను ఎనిమిదో తరగతి పాసయ్యాను. గుంటూరులో ఆడవాళ్ళ ట్రైనింగు స్కూల్లో చేరి పంతులమ్మను కావాలన్నది నా కోరిక. నా కోరిక అంటే అలాంటిలాంటిది కాదు, మా వీధి పిల్లల్ని అరుగు మీద కూర్చోబెట్టి బెత్తం పుచ్చుకుని పాఠాలు చెప్పేదాన్ని. పెళ్ళి మాటలప్పుడు మా నాన్నగారు వాళ్ళను అడిగింది ఒక్కటే.

“అమ్మాయిని ట్రైనింగుకి పంపించాలి బావగారూ.”

“దానికేముందండీ. చదువుకున్న కోడలంటే మాకూ గొప్పేగా. వచ్చే జూన్‌లో పంపించేద్దాం” అన్నారు మామగారు. ఆ మాట నేను తలుపు వెనక నిలబడి చెవులారా విన్నాను.

నేను కాపురానికి వెళ్ళేసరికి యుద్ధం ముగింపుకి వస్తోంది. అప్పటికే ఎండుద్రాక్ష దొరకడం కష్టంగా ఉంది. దొరికినా అందులో సగం పుల్లలూ ఇసుకా. ఆ చికాకులో ఉండగానే మామగారు నాసిక్ యాత్రకు వెళ్ళారు. అక్కడ ద్రాక్షతోటలు చూసి ఆయనకు మతిపోయింది. గోదావరి పుట్టిన చోట స్నానం చేసి వస్తూ వస్తూ, తడి గోనెలో చుట్టిన ద్రాక్షతీగ ముక్కలు కొన్ని సంచిలో పెట్టుకొచ్చారు.

“తీగంటే తీగే. మనకి తెలియని తీగేముంది? పరాయి దేశం ద్రాక్ష కోసం దేవులాడక్కర్లేదు. మన తోటలోనే పండిద్దాం, మన కొట్టంలోనే అరిష్టం కాద్దాం” అన్నారు.

శ్రావణంలో ఆకుతోట ఒక మూలన, అవిశ చెట్ల నీడలో, వాటిని నాటారు. ఆకుతోటలోకి చెప్పులతో వెళ్ళకూడదు. స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వెళ్ళాలి. అత్తగారు నా చేతికి ఇత్తడి చెంబు ఇచ్చి, “కొత్త కోడలివి, తొలినీళ్ళు నువ్వు పొయ్యి” అంది. సంబరపడిపోయి పోశాను. పోశాక గానీ ఎవరూ చెప్పలేదు. ఆ ఇంట ఒక ఆచారం ఉంది. కొత్తగా వేసిన తోటకు తొలినీళ్ళు పోసిన ఆడది, ఆ తోట తొలి కాపు తన చేత్తో కోసేదాకా రాత్రి మరొక కప్పు కింద పడుకోకూడదు. పగలు ఎక్కడికి వెళ్ళినా పొద్దు గూకేసరికి ఇంటికి చేరాలి.

తమలపాకుకు ఆ ఆచారం పెద్ద ఇబ్బంది కాదు. కొన్ని నెలలు తిరిగేసరికి తొలి ఆకు కోతకు వస్తుంది, పిల్ల పుట్టింటికి వెళ్ళి వస్తుంది. దీన్ని పెట్టిన పెద్దలెవరో వాళ్ళు ద్రాక్షను కలలో కూడా చూసి ఉండరు. నేను మాత్రం ద్రాక్షకు దొరికిపోయాను.

జూన్ వచ్చింది. “తీగ ఇంకా పసిది కదమ్మా, వచ్చే ఏడు చూద్దాం” అన్నారు మామగారు. నేను మా ఆయన వంక చూశాను. ఆయన మంచి మనిషే. వారం వారం పడవ మీద ఆకు బుట్టలు బెజవాడ చేరవేసి, వచ్చేటప్పుడు నాకు మల్లెపూలు తెచ్చేవారు. అయితే తండ్రి ఎదుట నోరు పెగలదు. “చూద్దాంలే, చూద్దాంలే” అనేవారు. ఆ చూద్దాంలే అన్న మాట వింటే నాకు ఇప్పటికీ చేతిలో ఉన్నది విసిరికొట్టాలనిపిస్తుంది.

రెండో ఏడు తీగ విరగబారింది. విరగబారక ఏం చేస్తుంది? దానికి జరిగిన సేవలు అలాంటివి. ఆకుతోటకు ఏం చేస్తారో దానికీ అన్నీ చేశారు. పొద్దున్నా సాయంత్రమూ బోదెల్లో నీళ్ళు. నెత్తిన ఎండ పడకుండా అవిశ నీడ. గాలి తగలకుండా చుట్టూ గడ్డి దడి. చెరువు మట్టి తెచ్చి మొదట్లో మెత్తారు. తమలపాకు తీగ ఎత్తు పెరిగాక దాన్ని కిందికి దించి, మొదలు చుట్టచుట్టి మట్టిలో పూడుస్తారు. ద్రాక్షతీగనూ అలాగే దించి పూడ్చారు. అది మళ్ళీ లేచి రెట్టింపు పాకింది. ఆకులు విస్తరాకుల్లా తయారయ్యాయి.

ఇక మామగారి సంబరం చెప్పనలవి కాదు. ఎవరు వచ్చినా తోటలోకి తీసుకెళ్ళి ఆకు చూపించేవారు. “చూశారా ఆకు. ఆ ముదురు చూడండి, ఆ ఈనె చూడండి” అనేవారు. వచ్చినవాళ్ళూ ఆకుతోటల వాళ్ళే కదా. ఆకు కొస పట్టుకుని, వెలుగుకి ఎత్తి చూసి, వేలితో రాసి, “బ్రహ్మాండంగా ఉందండీ” అనేవారు. ఒక్కరంటే ఒక్కరు కాయ ఏదని అడగలేదు. వాళ్ళ ఊళ్ళో తీగను తూచేది ఆకుతోనే. నేను పళ్ళు కొరుక్కుంటూ పక్కన నిలబడేదాన్ని.

ఒకనాడు ఉండబట్టలేక అన్నాను. “మామయ్యగారూ, తొలి కాపు కొయ్యాలన్నారుగా. ఆకు ఇంత బాగా వచ్చింది. ఒక కట్ట ఆకు కోసేస్తాను, నా మొక్కు తీరిపోతుంది.”

ఆయన నవ్వారు. “భలేదానివమ్మా. ఆకుతోటకి ఆకు కాపు. పండుతోటకి పండేగా కాపు.”

అన్ని విషయాల్లోనూ దాన్ని తమలపాకులా చూసి, నాకు పనికొచ్చే ఈ ఒక్క విషయంలో మాత్రం అది ద్రాక్ష అని ఆయనకు గుర్తొచ్చింది. ఆ రోజు వంటింట్లో అన్నం గిన్నె దించిన చప్పుడుకి పక్కింటావిడ గోడ మీదుగా తొంగి చూసింది.

నిజానికి తీగ ఎందుకు కాయడం లేదో నాకు తెలుసు. పటమటలో మా ఇంటికి దగ్గర్లో ఒక బంగళా ఉండేది. ఆ ఇంటి పిల్లలకు మా నాన్నగారు ప్రైవేటు చెప్పేవారు. వాళ్ళ పెరట్లో ద్రాక్షపందిరి. దసరా వెళ్ళగానే తోటమాలి దాన్ని బోడిగుండు చేసినట్టు కత్తిరించేసేవాడు. ఒక్కొక్క కొమ్మకు నాలుగు కణుపులు వదిలి మిగతాది తీసేసేవాడు. కొన్నాళ్ళు నీళ్ళు కూడా ఆపేసేవాడు. ఆ పుల్లలు పొయ్యిలోకి మేమే తెచ్చుకునేవాళ్ళం. కొత్త చిగురుతోనే పూత వచ్చేది, వేసవికి గుత్తులు వేలాడేవి. ఇది నేను మా వాళ్ళకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

“తీగకి కత్తి పెడతావా?” అనేవారు మామగారు, నేనేదో పసిబిడ్డ గొంతు కొయ్యమన్నట్టు. ఆకుతోటలో ఇనుము పెట్టరు. ఆకును గోటితో గిల్లుతారు తప్ప కత్తి చూపించరు. అక్కడ తీగ అంటే లక్ష్మి. “నీళ్ళు ఆపుతావా? నోరులేని దాన్ని ఎండబెడతావా?” అని అత్తగారు కూడా ముఖం చిట్లించేది.

అత్తగారు మాట తక్కువ మనిషి. పొద్దస్తమానమూ తడి గుడ్డ పరుచుకుని ఆకు కట్టలు కడుతూ ఉండేది. మా చెల్లెలి పెళ్ళికి నేను పొద్దున వెళ్ళి, అప్పగింతలు కాకుండానే సాయంత్రం పడవకు తిరిగి వచ్చేశాను. వచ్చి తోటగుమ్మంలో కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, ఆవిడ కట్ట కడుతూనే అంది. “మా అమ్మ పోయినప్పుడు నేనూ వెళ్ళలేదు. అప్పుడు ఈ పెద్ద తోటకి తొలి కోత కాలేదు.”

“పగలు వెళ్ళి రావచ్చు కదత్తయ్యా?”

“కబురు సాయంత్రం వచ్చింది. రాత్రి అక్కడ ఉండాలిగా. పొద్దున్నకి అంతా అయిపోయిందన్నారు. తర్వాత వెళ్ళి ఏం చెయ్యను?”

గొంతులో ఏ మార్పూ లేదు. నన్ను ఓదార్చడానికి అందో, నువ్వొక లెక్కా అనడానికి అందో నాకు తెలియలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. తనకు అంత జరిగి కూడా ఆ ఆచారాన్ని నా మెడకు కడుతుందేమిటీ మనిషి అనుకున్నాను.

స్వతంత్రం వచ్చింది, దేశం రెండుగా చీలింది. ఎండుద్రాక్ష సరిహద్దు అవతలి నుంచి రావడం పూర్తిగా ఆగిపోయింది. మామగారు తీగకు నీళ్ళు ఇంకా పెంచారు. ఆ తర్వాత మద్యనిషేధం వచ్చింది. కల్లు దుకాణాలు మూతపడ్డాయి. దాంతో మా ఊళ్ళో మగవాళ్ళందరికీ ఒక్కసారిగా నీరసం పట్టుకుంది. ఆకలి లేదంటూ, నడుము లాగుతోందంటూ మా అరుగు మీద వరసకట్టారు. ఈ నీరసం సంగతి పై అధికారుల దాకా పోయింది. ఒక ఇనస్పెక్టరు వచ్చి, ఊక కుప్పలోంచి మిగిలిన జాడీలు తీయించి, మూతలు విప్పించి వాసన చూశాడు.

“ఇది మందేనండీ, కాదనడం లేదు. లైసెన్సు తీసుకోండి. అప్పటిదాకా కాచొద్దు” అన్నాడు మర్యాదగానే.

మామగారికి అది తల తీసేసినట్టయింది. “మా తాత నాటి మందుని కల్లు కుండతో సమానం చేశారు. నేనెవరినీ దేబిరించను. ఇక ఈ ఇంట్లో అరిష్టం కాచేది లేదు” అని గుండిగ బోర్లించేశారు.

నాకు లోపల ఆశ పుట్టింది. అరిష్టమే లేనప్పుడు ద్రాక్షతో పనేముంది? మర్నాడు భోజనాల దగ్గర మెల్లగా అడిగాను. “మామయ్యగారూ, ద్రాక్ష అక్కర్లేదు కాబట్టి నేను ట్రైనింగుకి…”

“అక్కర్లేకపోతే మాత్రం? నీళ్ళు పోశావుగా. తీగకి ఇచ్చిన మాట తీగదే” అన్నారు, మజ్జిగ కలుపుకుంటూ.

నాకు ఇచ్చిన మాట ఏమైందని నేను అడగలేదు. ఆ ఇంట్లో కోడళ్ళు అలాంటి మాటలు పైకి అనేవారు కాదు. అది మింగుకోలేక ఆ పూట అన్నం ముందు నుంచి లేచిపోయాను. వయసు మీరితే ట్రైనింగులో చేర్చుకోరని మా నాన్నగారు కబురు మీద కబురు చేస్తున్నారు. వచ్చే జూన్ తప్పితే ఇక లేదు.

కార్తీకంలో ఒక రోజు తండ్రీ కొడుకులిద్దరూ ఆకు బుట్టలతో బెజవాడ వెళ్ళారు. అన్నాలు వండి, తలస్నానం చేసి, చూరులో దోపి ఉన్న కొడవలి తీసుకున్నాను. జమ్ము కోసే కొడవలి అది, పదును బాగుంటుంది. తోటలోకి వెళ్ళి ముందు నీళ్ళ బోదె మట్టితో పూడ్చాను. ద్రాక్ష మీదికి వంగిన అవిశ కొమ్మలు నరికాను. తర్వాత తీగ పట్టాను. ముదురు కొమ్మ ఏటవాలుగా, లేతది అడ్డంగా, కణుపులు లెక్కపెట్టుకుంటూ కోశాను. ఆ విస్తరాకులన్నీ నా కాళ్ళ చుట్టూ మోకాలెత్తు పడ్డాయి. నిజం చెప్పొద్దూ, చాలా హాయిగా అనిపించింది. ఒక్కొక్క కొమ్మ తెగినప్పుడల్లా ఒక్కొక్క చూద్దాంలే తెగినట్టు ఉంది.

పని సగంలో ఉండగా వెనక్కి తిరిగితే గట్టు మీద అత్తగారు నిలబడి ఉంది. కేక వేస్తుందనుకున్నాను. వేయలేదు. చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది. నేను ఆపలేదు. మళ్ళీ తిరిగి చూసినప్పుడు కూడా అక్కడే ఉంది. అంతా అయ్యాక, “నీళ్ళు తోడాను, స్నానం చేసి రా” అని మాత్రం అని వెళ్ళిపోయింది.

సాయంత్రం మామగారు వచ్చి చూశారు. పందిరి మీద పుల్లలు తప్ప ఏమీ లేవు. కోసిన చోటల్లా నీరు కారుతోంది. “ఏడుస్తోంది చూడండి” అన్నారు, నాతో కాదు, మా ఆయనతో. తోటలో కొబ్బరికాయ కొట్టి తప్పు కాయమని దండం పెట్టుకున్నారు. నన్ను ఆకుతోటలో అడుగు పెట్టొద్దన్నారు. ఆ చలికాలమంతా ఆయన నాతో మాట్లాడలేదు. మా ఆయన నన్ను కోప్పడనూ లేదు, వెనకేసుకురానూ లేదు. ఆ మల్లెపూలు కూడా మానేశారు. అయినా ఆ కాలంలో మల్లెలు ఉండవనుకోండి.

నేను ఇంట్లో కూర్చుని రోజులు లెక్కపెట్టాను. తీగ నిజంగానే చచ్చిపోతే ఏమిటన్న భయం నాకూ ఉంది. బంగళా తోటమాలి దగ్గర చూసిందే తప్ప, నా చేత్తో ఎప్పుడైనా కోశానా? చస్తే కాపు లేదు, కాపు లేకపోతే నాకు కదలిక లేదు.

ముందుగా చూసింది అత్తగారే. ఒక పొద్దున ఆకు బుట్ట చంకన పెట్టుకుని వచ్చి, చిన్న చిగురుకొమ్మ నా ముందు పెట్టింది. లేత ఆకు పక్కన, పచ్చి ఆవగింజల్లా, మొగ్గల గుత్తి. “ఇదేనా?” అంది. “అదే, దాన్ని తుంచుకొచ్చారేమిటత్తయ్యా” అని నేను నెత్తి కొట్టుకున్నాను. “ఇంకా ఉన్నాయిలే” అంది.

ఉన్నాయి. ఎండలు మొదలయ్యేసరికి గుత్తులు దిగాయి. నాసిక్ గుత్తులంత కాదు, గింజ చిన్నది, కొన్ని ఎండి రాలిపోయాయి. అయినా ద్రాక్షే. మామగారు రోజూ పందిరి కింద నిలబడి చూసేవారట. ఎవరైనా వస్తే ఆకు సంగతి ఎత్తకుండా గుత్తి చూపించేవారట. ఇదంతా మా ఆయన నాకు చెప్పేవారు.

చైత్రంలో నన్ను తోటలోకి పిలిచారు. అంతే, పిలిచారు. తప్పు నాది అన్న మాట వెనక్కి తీసుకోలేదు, నేను అడగలేదు. నా చేత్తో తొలి గుత్తి కోసి ఆయన చేతిలో పెట్టాను. ఒక పండు నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నారు. పుల్లగా ఉందని ఆయన దవడ చూస్తేనే తెలిసింది.

“అరిష్టానికి ఈ పులుపే కావాలి” అన్నారు. అరుగు మీద కూర్చున్నాక ఆయనకు ఎక్కడలేని హుషారూ వచ్చింది. లైసెన్సుకి అర్జీ పెడతానన్నారు. పందిరి రెండింతలు చేస్తానన్నారు. నేను సందు చూసి, “మామయ్యగారూ, జూన్‌లో నేను గుంటూరు వెళ్తాను” అన్నాను.

ఆయన నా వంక ఎంతో ప్రేమగా చూశారు. ఆ ప్రేమ ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. “నువ్వెళ్ళిపోతే ఎట్లాగమ్మా? కార్తీకంలో తీగ ఎవరు కోస్తారు? ఆ విద్య ఈ ఇంట్లో నీ ఒక్కదానికేగా తెలుసు.”

కాయనంత కాలం కాయలేదని ఉంచారు, కాసింది కాబట్టి ఇప్పుడు ఉంచుతున్నారు. మా ఆయన కాళ్ళ వైపు చూసుకుంటున్నారు. ఆయన నోట్లోంచి ఆ చూద్దాంలే వస్తే ఇక ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

అత్తగారు ఆకు కట్ట సగంలో వదిలేసి లేచింది. చూరులోంచి కొడవలి తీసింది.

“ముదురు కొమ్మ ఏటవాలుగా, లేతది అడ్డంగా. నాలుగు కణుపులు వదలాలి. ముందుగా బోదె పూడ్చాలి. అంతేగా?” అంది నాతో.

నేను తల ఊపాను.

“కోత నేను కోస్తాను. పిల్ల వెళ్తుంది” అంది మామగారితో. కొడవలి మళ్ళీ చూరులో దోపి, వచ్చి కట్ట కట్టుకుంటూ కూర్చుంది.

కృతజ్ఞత కలగాల్సింది. నాకు కోపమే వచ్చింది. వంటింట్లో నిలదీశాను. “ఈ మాట మూడేళ్ళ కిందట అనొచ్చుగా అత్తయ్యా?”

“అప్పుడు తెలియదుగా, కోసినా చావదని” అంది.

జూన్‌లో నా ట్రంకుపెట్టె పడవలో పెట్టారు. పడవ బెజవాడ వెళ్తుంది, అక్కడ రైలెక్కాలి. దారిలో కాలువ లాకు దాకా సాగనంపుతానని అత్తగారు కూడా ఎక్కింది. ఆ లాకు దగ్గరే ఆవిడ పుట్టిన ఊరు. తల్లి పోయాక మళ్ళీ అడుగు పెట్టలేదు. లాకు తలుపులు తెరుచుకునేదాకా నా పక్కనే కూర్చుంది. పడవ ఒడ్డుకి ఆనగానే చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని దిగింది.

“సాయంత్రం వెనక్కొచ్చేటప్పుడు ఇక్కడే ఆపుతానమ్మా” అన్నాడు పడవవాడు.

“రేపు ఆపు” అంది అత్తగారు.